బుధవారాలు

రాత్రి పన్నెండు లోపు ఏదో ఒకటి నొక్కాలి.
ఫోన్లో రెండు వరుసలు:
ప్రకృతి వైద్యం, ఐదున్నరేళ్ళు, పేరుకు ముందు డాక్టరు.
ఫిజిషియన్ అసిస్టెంటు, నాలుగేళ్ళు,
పేరు వెనకాల ఏం వస్తుందో మా వీధిలో ఎవరికీ తెలీదు.

సఖినేటిపల్లి రేవులో సిగ్నలు ఒక్క గీత.
నరసాపురం వైపు బాగుంటుందని
ఎనిమిదింటి పంటు ఎక్కాను.
రెండు కార్లు, పదకొండు మోటారు సైకిళ్ళు,
మంచు కరుగుతున్న రొయ్యల ట్రేలు,
వాటి పక్కన నేను.

మా పెద్దమ్మ వరహాలమ్మకు బోర్డు లేదు.
మడమ బెణికినవాళ్ళు, భుజం జారినవాళ్ళు
తెల్లారకముందే అరుగు మీద వరస కట్టేవారు.
కళ్ళు మూసుకుని
బొటనవేలితో ఎముకని అడిగేది.
అది చెప్పేది.
కోడిగుడ్డు సొన, మినప్పిండి, నాలుగు వెదురు బద్దలు.
ఫీజు ఒక చక్రకేళీ అత్తం.
కొందరిని ముట్టుకోగానే చెయ్యి తీసేసేది,
"ఇది నా చేతిది కాదమ్మా, పెద్దాసుపత్రికి పట్టుకెళ్ళండి."
ఆ మాట అనడం నేర్చుకోడానికే
తనకి పాతికేళ్ళు పట్టిందట.

ఆ బొటనవేలికి ఒక బోర్డు కట్టాలని
చిన్నప్పట్నుంచీ నా కోరిక.
మొదటి వరుస అందుకే.

రెండో వరుస ఎస్తేరు రాణి గారి వల్ల.
అమలాపురంలో ఎముకల ఆసుపత్రి,
వేసవంతా నేను ఫైళ్ళు మోసిన చోటు.
డాక్టరు గారు రౌండ్సుకి వచ్చేసరికి
ఆవిడ ప్రతి మంచం కథా ముందే విని ఉంటుంది:
ఎవరికి షుగరు, ఎవరికి భయం,
మాత్ర వేసుకున్నానని ఎవరు అబద్ధమాడుతున్నారు.
కుట్లు ఆవిడవి. కట్టు ఆవిడది.
కాగితం అడుగున సంతకం మాత్రం ఆయనది.
"బాధగా ఉండదా మేడం?" అన్నాను ఒకసారి.
"ఉంటదమ్మా, బుధవారాలు," అని నవ్వింది.
బుధవారమే ఎందుకో అడగలేదు.

పోయిన నెల ఇదే పంటు మీద
దింపు మనిషి నూకరాజు.
కొబ్బరిచెట్టు మీంచి జారాడు,
ఊడదీసిన తలుపు మీద పడుకోబెట్టి తెచ్చారు.
నేను తల దగ్గర, మోకాళ్ళ మీద,
రెండు అరచేతుల మధ్య ఆయన మెడ
కదలనివ్వకుండా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా.
ఏటి మధ్యలో కళ్ళు తెరిచి
"నా కత్తి ఎవరు తీసారు?" అన్నాడు.
భద్రంగా ఉందన్నాను. నాకేం తెలుసు.
వేళ్ళ కింద నరం కొట్టుకుంటూనే ఉంది.
నరసాపురంలో డాక్టరెవరో
"బాగానే పట్టుకున్నారు" అన్నాడు గాల్లోకి,
మావైపు చూడకుండా.
కాగితంలో నా పేరు లేదు.
చేప ముల్లులా గుచ్చుకుంది, లేదని ఎందుకనాలి.
కానీ ఆ రాత్రి పడుకున్నాక
గుర్తొచ్చింది కాగితం కాదు.
మెడ బరువు.
ఒలవని కొబ్బరికాయంత.

నాన్న ఈ పంటు మీద తాడు మనిషి.
చక్రం ఓలేటి బుల్లియ్యది, పేరూ ఆయనదే.
రెండు రేవుల్లోనూ దీన్ని బుల్లియ్య పంటు అనే అంటారు.
"ఏది నొక్కమంటావు నాన్నా?" అంటే
బీడీ ఆర్పి, చాలాసేపు ఆలోచించి,
"రెండిట్లో దేనికి క్యాంటీనుందే?" అన్నాడు.

రేవు దీపాలు దగ్గరవుతున్నాయి.
మూడు గీతలు.
పెద్దమ్మ లాగే కళ్ళు మూసి చూశాను,
ఫోను ఎముక కాదు, ఏం చెప్పదు.
రెండో వరుస మీద నొక్కాను.
బోర్డు కోరిక పోలేదు. పోదేమో కూడా.
బుధవారాలు నాకూ వస్తాయి.

నాన్న తాడు విసిరాడు.
గుంజకి అందలేదు, నీళ్ళలో పడింది.
చక్రం దగ్గర్నుంచి బుల్లియ్య ఏదో తిట్టాడు.
తడి తాడు చుట్టలు చుట్టుకుంటూ
"ఆయ్, ఉండండి బుల్లియ్యగారూ," అని
మళ్ళీ విసిరాడు.