అటెన్క?

ఈ ఎండకాలం ఏడు నవలలు చదివిన
ఎనుమాముల మార్కెట్ల,
తక్‌పట్టీలు రాసే బల్ల మీద,
తేజ మిర్చి బస్తాల నడుమ.
ఎనిమిదోది సగంల ఉండె.

పొద్దుగాల జెండా పాట.
ధర తెగినంక కాంటాలు.
ఒక కాంటాకూ ఇంకో కాంటాకూ నడుమ
పావుగంటో, ఇరవై నిమిషాలో.
నా చదువంత ఆ సందులనే.

పుస్తకాలు హన్మకొండ లైబ్రరీవి.
ఈ రెండు మూడేండ్లల అచ్చయినవి, ఇంకా మైనం వాసన పోనివి.
మా నాయిన చదివిన నవలలల్ల
ఆఖరికి ఎవరో ఒకరు పెండ్లన్న చేసుకుందురు,
సచ్చిపోవుడన్న సత్తురు.
ఇవి అట్ల కావు.
ఒకదాంట్ల ఒకామె రెండొందల పేజీలు
తల్లి చీర కోసం బీరువాలు దేవులాడుతది.
దొరికిందో లేదో చెప్పకుంటనే
అచ్చేసినోళ్ల అడ్రసు వస్తది.

అట్ట ఎత్తి చూసిన.
కుట్ల నడుమ ఇంకో కాయితం
అంటుకోని ఉన్నదేమోనని ఊది చూసిన.
మిరప గింజ ఒకటి రాలింది.

"ఏం గథ బిడ్డా, గట్ల మునిగిపోయినవ్?"
హమాలి అయిలయ్య కాక.
చెప్పిన.
బస్తా మెడ మీద ఉండంగనే నిలవడి విన్నడు.
"అటెన్క?"
అటెన్క లేదు కాకా, అయిపోయింది.
"గదేం గథ" అనుకుంట లారీ దిక్కు పోయిండు.
బస్తా పడేసి, తువ్వాల దులుపుకుంట మళ్ల వచ్చి
"చీర బీరువాల ఏడుంటది?
ముక్కలు జేసి బొంత కుట్టి ఉంటది తల్లి.
ఆ పొల్ల దాని మీదనే పండుకుంటుంటది."

నేను పేజీలు ఎనకకు తిప్పిన.
నలభై ఒకటో పేజీల
నిజంగనే ఒక బొంత ఉంది.
రాసినామెకు ఎరుకనో, లేదో.

ఇగ అప్పటిసంది రోజూ అదే పని.
నేను గథ ఆగిన కాడిదాక చెప్పుడు,
ఆయన నాలుగు బస్తాల సేపు ఆలోచించుడు.
కొన్నిటికి "ఇది తాలు బిడ్డా, పక్కకు పొయ్యి" అనేది.
ఎండ గురించి రాసినాయనకు
ఎన్నడు చెమట పట్టలేదని
ఒక్క పేరా వినంగనే పట్టిండు.

మే నెల నడిమిట్ల, రేకుల కింద గాలి లేని పూట,
పరకాల రైతు కాంటాకు
నలభై ఐదు బదులు యాభై నాలుగు రాసిన.
తొమ్మిది కిలోల పైసలు సేటు నా జీతంల కోసిండు.
అప్పుడు నేనున్నది నూట పన్నెండో పేజీల.
ఏం జరుగది ఆ పేజీల.
ఒకడు అర్ధరాత్రి గిన్నె కడుగుతుంటడు,
కడిగిన గిన్నెనే మళ్ల కడుగుతుంటడు, అంతే.
ఆ తొమ్మిది కిలోలకు నాకు బాధ లేదు.

లైబ్రరీల ముద్దరేసే సారంగం సారు
నేనిచ్చిన పుస్తకం తెరిస్తే మూడు తుమ్ములు.
"వచ్చింది ఎనుమాముల" అని ముక్కుకు దస్తీ.
నా తర్వాత తీసుకున్నోళ్లెవరో
అంచుల పెన్సిల్‌తోని రాసిన్రు:
ఇక్కడ కండ్ల నీళ్లొచ్చినయి,
కథకో కారానికో తెలుస్తలేదు.
దాని కింద నేను రాద్దామనుకున్న. రాయలే.

మిరుగు కార్తికి రెండు దినాల ముందే వాన పడ్డది.
పత్తి గింజలు పెట్టాలని
అయిలయ్య కాక ఏటూరునాగారం దిక్కు బస్సెక్కిండు.
ఎక్కేటప్పుడు కిటికీల నుంచి ఏదో అడిగిండు,
ఇంజను సప్పుడుకు సగమే ఇనొచ్చింది.

ఎనిమిదోది నిన్న రాత్రి అయిపోయింది.
ఆఖరి వాక్యంల ఒకాయన
పాతింటి గడప ముందట చెప్పులు ఇడుస్తడు.
లోపలికి పోతడో,
ఇడిసిన చెప్పులనే మళ్ల తొడుక్కుంటడో.

యార్డు ఖాళీ.
రాలిన గింజల మీదికెళ్లి నీళ్లు ఎర్రగ పారుతున్నయి.
బస్తా దించెటోడు లేక
ఆ గథ నా మెడ మీదనే ఉంది.

గడువు సోమారం.