వల సంచి

కొలత ముందే తీసుకున్నా, జానతో.
బాత్రూం గోడకూ తలుపుకూ నడుమ
రెండు జానల నాలుగు వేళ్ళు.
షాపులో పిల్లోడు టేపు పట్టి నవ్వినాడు:
"దూరిపోతాదిలే అక్కా."
దూరేది నాకూ అలవాటే,
ఈ కొర్లగుంట సందులో, మూడో అంతస్తు ఒంటిగదిలో.

లిఫ్టు లేదు.
బాషా, వాడి జతగాడూ తాడు కట్టి మోసుకొచ్చినారు.
మలుపులో ఆగి రొప్పుతా అడిగినాడు:
"ఇంత చిన్నదానికి ఇంత బరువేందక్కా?"
లోపల ఎక్కడో రాయి బిగించింటారంట,
తిరిగేటప్పుడు ఎగిరిపోకుండా.

ఇంటాయన దొరస్వామి సార్ షరతులు
అగ్రిమెంటులో లేవు, నోట్లో ఉండాయి.
గోడకు మేకు దిగగూడదు.
తొమ్మిది దాటితే మోత వినబడగూడదు.
నీళ్ళు దినం మార్చి దినం, ట్యాంకు అందరిదీ.
"ఒక్కదానివే గదా, మిషనెందుకమ్మా?"
ఇది షరతు కాదు, ప్రశ్న.
అన్నిటికీ ఒకే తీరున తల ఊపినా.

కొళాయి మూతి పాతకాలం ఇత్తడిది.
కొత్త పైపు మర దానికి పట్టలేదు.
బాషా తెల్ల టేపు చుట్టినాడు, ఇరవై చుట్లు.
అయినా ఒక చుక్క కారతానే ఉండాది.
"అది అంతేలే అక్కా, కింద చెంబు పెట్టు."
పెట్టినా.
మురికినీళ్ళ పైపు తూములో నిలబడక
తల ఎత్తి ఎత్తి చూస్తుంటే
పాత లంగా బొందుతో కట్టేసినా.

ఒక కాలు పొట్టి.
మూతమీద గ్లాసుడు నీళ్ళు పెడితే
నీళ్ళు కొండ దిక్కుకు ఒరిగినాయి.
ఈ ఊళ్ళో అన్నీ అటే ఒరుగుతాయి.
బ్లేడు డబ్బాల అట్టలు మడిచి కాలికింద తోసినా.
నాలుగో అట్టకు నిలబడింది.

బ్లేడంటే చెప్పలేదు గదా,
పైన కల్యాణకట్టలో నా పని, ఆడోళ్ళ వరసలో.
సగం బ్లేడు, మగ్గుడు నీళ్ళు, వంగిన మెడలు.
మొహాలు గుర్తుండవు నాకు.
సుళ్ళు గుర్తుంటాయి, పుట్టుమచ్చలు గుర్తుంటాయి,
జుట్టుకింద దాచుకున్న పాత కుట్ల గాట్లు,
మొగుడికి తెలిసినవీ,
మొగుడు పెట్టినవీ.

ఇన్నేండ్లూ డ్యూటీ చీరల్ని బండమీదే ఉతికినా.
కుమ్మరిస్తే అంతా తూములోకే.
ఏం పోయిందో చూళ్ళేదు.

మొదటి ఉతుకు.
రెండు చీరలు, రెండు జాకెట్లు, ఒక తువ్వాల.
మూత అద్దంలోంచి చూస్తా కూర్చున్నా.
తిప్పింది, ఆగింది, ఏదో ఆలోచించింది,
ఇంకో పక్కకు తిప్పింది.
పిండేటప్పుడు మాత్రం పూనకమొచ్చి
గోడనొదిలి తలుపు దిక్కు నడిచొచ్చింది.
ఎక్కి కూర్చున్నా దానిమీద.
పళ్ళు టకటకలాడినాయి.
ఒక్కదాన్నే నవ్వినా, శానా సేపు.
కింద సార్ పైకప్పును కట్టెతో పొడిచినాడు.
గడియారం ఎనిమిదీ యాభై.
ఇంకా పది నిమిషాలు నాయే.

"లోపల వల సంచి ఉంటాది,
ఉతికినప్పుడంతా దులపాలక్కా" అన్నాడు బాషా.
ఊడదీసి తిరగేసినా.
అరచేతిలో తడి ముద్ద.
విప్పితే,
మూరెడు తెల్ల వెంట్రుక.
గోరింటాకు ఎరుపుది ఒకటి.
దూదిలాంటి పుట్టెంటుకలు,
ఇంకా ఉంగరాలు తిరిగే ఉండాయి.
ఒకటి నాదేనేమో, నెరుస్తా ఉండేది.

దేవుడికిచ్చింది దేవుడికి చేరకుండా
నా కుచ్చిళ్ళలో దాక్కొని కొండ దిగింది.
చెత్తబుట్ట దాకా పోయినా.
చెయ్యి తెరుచుకోలేదు.
ఎవురి జ్వరమో, ఎవురి కోర్టు కేసో,
నడక రాని ఏ బిడ్డ మొక్కో.
ఇన్నేండ్లూ ఎన్నిటిని తూములోకి తోసేసినానో.

పేపర్లో మడిచి బ్యాగులో పెట్టినా.
పొద్దున నాలుగు గంటల బస్సుకు
టిక్కెట్టు లేకుండా వాళ్ళూ వస్తారు పైకి.
ఎవురూ చూడనప్పుడు డబ్బాలో వేసేస్తా.
చూస్తే ఏమని చెప్పేది?

తొమ్మిదయింది. మిషను చల్లబడింది.
చెంబు నిండింది.
పారబొయ్యలేదు,
రేపు నీళ్ళు రాని దినం.