ఎవరి బార వారిది

చెంగల్రావుపేటలో ఐసు ఫ్యాక్టరీ మీది గది మా బడి.
గంట లేదు.
కింద ఐసు మర ఆగినప్పుడు
నిశ్శబ్దం ఒక్కసారి చెవికి తగులుతుంది,
అదే మాకు విరామం.

ఆరు కుర్చీలు, ఆరూ ఆరు ఎత్తులు.
గోడమీద టైంటేబులు ఉండాల్సిన చోట
తొమ్మిది పేర్లు, ఒక్కో పేరు కింద ఒక్కో దారి.
తబిత: కుట్టుమిషను మోటారు, ఆ తర్వాత ఒడియా అక్షరాలు,
బరంపురంలో అమ్మమ్మకి ఉత్తరం రాయాలట.
పైడయ్య: పదో తరగతి, ఏడేళ్ళు ఆలస్యంగా.
హైమ: ఖాళీ.
దానేసు: "ఏటి సదవాలో రేపు సెప్తాను."

ఆ రేపు మూడు వారాలు సాగింది.
వేటకెళ్ళిన రోజు రాడు, వచ్చిన రోజు నిద్రపోతాడు.
నేను లేపను.
లేపకపోవడం నేర్చుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది.
అంతకుముందు పదకొండేళ్ళు
మధురవాడ హాస్టలు కాలేజీలో
తెల్లారగట్ల నాలుగున్నరకి లైట్లు వేసి
పిల్లలందర్నీ ఒకే స్కేలుతో కొలిచినదాన్ని.
తొంభై ఆరు తెచ్చుకున్న పిల్ల ఏడుస్తుంటే
ఆ నాలుగూ ఎక్కడ పోయాయని
నేనూ అడిగాను.

ఓ మధ్యాహ్నం దానేసు మెలకువగా దొరికాడు.
"మీ నాన్న వలేసే చోట లోతెంత?"
"పదారు బారలు."
"అంటే ఎన్ని మీటర్లు?"
నావైపు జాలిగా చూశాడు.
"ఎవుల బార మేడమ్?
మా అయ్య బారయితే పదారు.
నా బారకి పద్దెనిమిది.
సంద్రం అదే."

చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.
విలోమానుపాతం అంటారు దాన్ని.
పదకొండేళ్ళు చెప్పాను,
ఒక్కసారీ చేతులు చాచి చూడలేదు.

మర్నాడు వాడు తాడు తెచ్చాడు,
ఉప్పుకి బిరుసెక్కిన నైలాను తాడు.
ఒకే కొస నుంచి ఒక్కొక్కరి బారా కొలిచి ముడేయడం.
తబితది వేశాం. పైడయ్యది వేశాం,
షిఫ్టు దిగి తిన్నగా వచ్చాడేమో
మోచేతుల దాకా వెల్డింగు నిప్పురవ్వల మచ్చలు.

హైమ జూన్‌లో వచ్చింది, అప్పటికి ఆగస్టు.
చేతులు రెండూ చంకల్లో బిగించుకుని
కిటికీలోంచి చూస్తూ ఉండేది,
హార్బరులో చోటు కోసం
దూరాన లంగరేసుకున్న ఓడల్ని.
వాళ్ళ నాన్న వారం వారం ఫోను.
"ఏ చాప్టర్లో ఉందండీ?"
"కిటికీలో ఉంది" అన్నాను ఒకసారి.
ఆయన ఫీజు వాపసు సంగతి అడిగారు.

దానేసు తాడు కొస పట్టుకెళ్ళి
ఆమె ముందు పెట్టి కూర్చున్నాడు.
వాడికి అడగడం రాదు.
వల బరువెక్కేదాకా ఆగడం వచ్చు.
కింద మర ఆగింది. మళ్ళీ మొదలైంది.
ముందు ఎడమ చెయ్యి వచ్చింది బయటికి.
చాలాసేపటికి కుడిది.
మోచేతుల దగ్గర ఇంకా వంపు ఉంది.
"ఇంకొంచెం చాచవే" అంది తబిత.
"ఊరుకో ఎహె. అది దాని బార"
అని అక్కడే ముడేశాడు.

పైడయ్య కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి
లెక్క కడుతున్నాడు.
వాడికంటే ముందే
మేం ఎప్పుడూ వినని గొంతొకటి అంది:
"అయితే నాకు సముద్రం
ఇరవై రెండు బారలు."

ఆ తాడు ఇప్పుడు తలుపు పక్క మేకుకి ఉంది, పది ముళ్ళతో.
నా కుడి భుజం పట్టేసి ఏడాది,
అంచేత నా ముడి
హైమ ముడికి బెత్తెడు దూరంలోనే పడింది.
తను అప్పుడప్పుడూ మళ్ళీ కొలుచుకుంటుంది.
కొత్త ముడి వేస్తుంది గానీ
పాతది విప్పనివ్వదు.

ఇవాళ పరీక్ష ఫారాలకి ఆఖరి రోజులు దగ్గర పడ్డాయని
ఒకటి దానేసు చేతిలో పెట్టాను.
అటూ ఇటూ తిప్పి చూశాడు.
"రేపు సెప్తాను" అని
దాన్నే మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

నేను లేపలేదు.