ఒంటి గిన్నె

ఎనిమిది వందల మందికి ఉప్పు తెలుసు నాకు.
పెద్ద డేగిసాకి నాలుగు దోసిళ్ళు,
సాంబారుకి ఆరు, పైన ఇంకో పిడికెడు.
సైరను మోగేలోపు, రుచి చూడక్కర్లేకుండా
చెయ్యే చెప్పేస్తుంది.

నలుగురికి ఎంతో తెలీదు.

షిప్‌యార్డు క్యాంటీన్లో బాయిలరు బాగుచేస్తున్నారని
రెండ్రోజులు సెలవిచ్చారు.
దాలమ్మ మేనల్లుడి టెంటు అరువు తెచ్చింది.
నూకరత్నం దుప్పట్లు, ఎస్తేరు మంచినీళ్ళ క్యాను.
యారాడ కొండ దిగే బస్సులో
నా ఒళ్ళో గిన్నె.
అడుగు సొట్ట, ఒక చెవి లేదు.
మొదటి జీతంతో పూర్ణామార్కెట్లో కొన్నాను,
బేరం ఆడటం అప్పటికింకా రాదు.

సరుగుడు తోట వెనక మూడు రాళ్ళు పెట్టాం.
ఇసకలో ఒకటి కూరుకుపోయింది, మళ్ళీ పెట్టాం.
గాలి మంటని పక్కకి లాక్కుపోతుంటే
ఎస్తేరు కొంగు రెండు చేతులా చాపి
గోడలా నిలబడింది.
వంట అయ్యేదాకా అలాగే నిలబడి
నాకు చేతులు పీకుతున్నాయని తిడుతూనే ఉంది.

క్యాంటీన్లో అన్నానికో గది, పప్పుకో గది.
ఒక గరిటె ఇంకోదాని మొహం చూడదు.
ఇక్కడ వంటంతా
ఏది ముందు, ఏది వెనక అన్నదే.
నూనె కాగింది. కత్తి మర్చిపోయాం,
ఉల్లిపాయల్ని దాలమ్మ రాయితో చితక్కొట్టింది.
మిరపకాయలు తుంచి వేశాను.
తలలు గిల్లిన ఎండు నెత్తళ్ళు
చిటపటమంటుంటే
ఎక్కడిదో ఎర్రకుక్క వచ్చి
టోకెను లేకుండా వరసలో నించుంది.
తలలన్నీ దానికే.
తరవాత బియ్యం, గుప్పెడు పెసరపప్పు,
వేలి కణుపు మునిగేదానికి కొంచెం తక్కువ నీళ్ళు.

"ఉప్పేదే?"

సంచీ తిరగేశాం.
పసుపుంది. టార్చిలైటుంది. దువ్వెనుంది.
ఎస్తేరు చర్చి పాటల పుస్తకం ఉంది.
నలుగురం మొహాలు చూసుకున్నాం.
నూకరత్నం మాటాడకుండా చెయ్యి చాపి చూపించింది,
"మరదేటి?"

ఎదురుగా సముద్రం
అప్పుడే కొత్తగా వచ్చినట్టుంది.

నవ్వు ఆపుకోలేక, గ్లాసు పట్టుకుని
మోకాళ్ళ దాకా దిగాను.
కెరటం గ్లాసు నింపి వెళ్ళిపోయింది,
ఎంతమందికని అడగలేదు.
కొంగు నాలుగు మడతలేసి వడగట్టి
సగం పోసి ఆగాను.
చెయ్యి ఏమీ చెప్పలేదు.
అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని
నాలిక ఆనించాను.
పద్దెనిమిదేళ్ళయింది
నేను వండింది నేను రుచి చూసి.

ఇంకో గుక్కెడు పోశాను.

మూతకి స్టీలు పళ్ళెం, పళ్ళెం మీద రాయి.
ఆవిరి రాయిని కూడా లేపి లేపి దించుతోంది.
చీకటి పడ్డాక దూరంగా లంగరేసిన ఓడల్లో దీపాలు.
ఆ రెండోది మనవాళ్ళు బాగుచేసిందే, అంది దాలమ్మ.
అది నిజమో కాదో.
అయితే అందులో మన సాంబారు కూడా ఉంది, అన్నాను.

దించగానే అలవాటుగా
గరిటె పట్టుకుని నించున్నాను.
ఎస్తేరు లాక్కుంది. "నువ్వు కూకో ముందు."
రోజూ నాకు మిగిలేది మధ్యాహ్నం రెండున్నరకి,
చల్లారి, అడుగున ఉన్నది.
ఇప్పుడు పొగలు కక్కేది ఆకులో పెట్టి ఇస్తుంటే
పళ్ళకింద ఇసక కరకరమంటుంటే
నాకు అడుగే కావాలి అన్నాను.
నెత్తళ్ళ తోకలంటుకున్న మాడు కోసం
నలుగురం పోట్లాడుకున్నాం.
ఎక్కువ భాగం దాలమ్మకే పోయింది.

పొద్దున్న ఇసకతో తోమాను.
మసి పోలేదు, పోనీలే అనుకున్నాను.

సోమవారం పెద్ద డేగిసా ముందు
దోసిట్లో ఉప్పు పట్టుకుని ఆగిపోయాను.
ఏమయిందమ్మా, టైమవుతోంది, అన్నాడు సూపర్‌వైజరు.

ఒక్క చిన్న గరిటె ఇలా ఇవ్వండి సార్.