చెవి కుట్టని తుపాకి

వాదీ కబీర్ల, టైర్ల దుకాణం వెనక షెడ్డు.
ఏసీ ఉన్నది గని మా కోసం కాదు,
వార్నిష్ ఆరేతందుకు.

మ్యూజియపోళ్లు ఫోటో పంపిన్రు:
అయిదు వందల ఏండ్ల కిందటి స్పెయిన్ తుపాకి,
వత్తి ముట్టిస్తె పేలే రకం.
అసొంటివి ఆరు గావాలె,
మందు కొమ్ములు ఆరు,
భుజం పట్టీకి వేలాడే చెక్క బుడ్లు పన్నెండేసి.

ఇనుము పని గుల్ జమాన్‌ది.
వాళ్ల తాతల ఊర్లె ప్రతి గడపల కొలిమి,
ప్రతి కొలిమిల తుపాకి.
చెక్క పని నాది.
నిర్మల్ల పొనికి కట్టెతోని
సీతాఫలాలు చేసిన చేతులు
వాల్‌నట్ ముందట కొత్తల్లుడి లెక్క
వారం దినాలు మాట్లాడలే.
పొనికి అయితె గోరుతోని గీకినా వింటది.
ఇది వినది.

మడమ మీద ద్రాక్ష తీగ చెక్కుమన్నరు.
ద్రాక్షాకు నేనెప్పుడు చూసిన?
గుల్ తన అరచెయ్యి పలక మీద పెట్టి
"గిట్లనే ఉంటది, మా ఇంటి పందిరికి" అన్నడు.
ఆ చెయ్యి చుట్టు పెన్సిల్ తిప్పిన.
తెగిన చిటికెన వేలు కాడ
ఆకును నేనే పూర్తి చేసిన.

తీగ నడుమ పొదగాల్సినయి
ఒంటె ఎముక ముక్కలు, నూకలంత.
మూడు దినాలు తుమ్ము ఆపుకున్న.

పత్తి నూలుతోని వత్తి పేనిన,
పాతగ కనవడాలని
సులేమాని చాయ్ల ఉడకబెట్టిన.
వత్తిని కరిచి పట్టే ఇనుప పాముకు
గుల్ కండ్లు పెట్టిండు, నాలుక పెట్టలే.

ఆఖరికి సర్కారు మనిషి వచ్చిండు,
జేబుల సన్న తీగ.
గొట్టానికి నిప్పు దూరే చెవి కాడ పొడిచి చూసిండు.
దూరలే.
ఇంకోటి. దూరలే.
ఆరింటికీ చెవి కుట్టలే మేము,
కాగితంల అట్లనే రాసి ఉన్నది.
ముద్ర గుద్ది, పోబోతు
ఒకదాన్ని ఎత్తి భుజానికి ఆనించుకున్నడు.
"మా తాతకు గిసొంటిదే ఉండె,
అబూ ఫతీలా అనేటోళ్లు."
వత్తికి నాయిన.
మెల్లగ దించి, చేతిముద్రలు తుడిచి పెట్టిండు.

"మా అబ్బ చూస్తె నవ్వుతడు" అన్నడు గుల్,
"చెవిటి తుపాకులు చేసి పైసలు పంపుతున్నడని."
తను నవ్విండో లేదో, మాస్కు ఉండె.

వత్తి మూరెడు మిగిలింది.
మా బస్టాండు పాన్ డబ్బాకు
పొద్దుమాపు రాజుకుంట ఒక తాడు వేలాడేది,
ఎవలన్న వంగి బీడీ ముట్టించుకునేటోళ్లు.
షెడ్డు బయట రేకుకు దీన్ని కట్టిన.
చాయ్ వాసనతోని కాలుతున్నది.
గుల్ వంగిండు.
తర్వాత టైర్ల దుకాణంల బంగ్లా పిలగాడు.