నిరుడు వచ్చిన క్రేను

పాల్కోవిచ్ అని ఆయన పేరు.
మా కలాసీలకి నోరు తిరక్క పాలకోవా అన్నారు.
దుబాసీ భయపడుతూనే అర్థం చెప్పాడు.
ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు,
నవ్వుతుండగానే నేను రబ్బరు బుడ్డి నొక్కాను.

పాత పోస్టాఫీసు ఎదర సందులో నా స్టూడియో.
మూడేళ్లు ఆ ఫొటో యూనియన్ ఆఫీసు గోడమీద ఉంది,
గాజు నెగెటివు నా అరలో.
జెట్టీ మీద పధ్నాలుగు మంది,
మధ్యలో కోటు గుండీ ఊడిన మంత్రి,
చేతిలో సగం తిన్న తాటిముంజ.
వెనకాల ఏముందో ఆయన భుజాలు కప్పేశాయి.

ఓ రాత్రి యూనియన్ సెక్రటరీ గనగళ్ల దానయ్య
షట్టరు సగం దించి లోపలికొచ్చాడు.
ఢిల్లీ నుంచి కాయితం వచ్చిందట.
ఢిల్లీకి ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగొద్దన్నాడు.
"ఆయన ద్రోహిట."
ఆ "ట" దగ్గర ఓసారి ఆగాడు.
"అసలెప్పుడూ లేడనుకో."

మనిషిని తీసెయ్యడం కష్టం కాదు.
గాజు మీద అంతా తిరగబడి ఉంటుంది,
తెల్లటి దొర అక్కడ బొగ్గు.
బ్లేడు ఏటవాలుగా పట్టి గీకితే
నుదురు, నవ్వు, ముంజ
పొట్టుపొట్టుగా రాలాయి. ఊదేశాను.
ప్రింటు తీస్తే ఆయనంత నల్లటి కంత.

ఆ కంతలో ఏం పెట్టాలన్నదే కష్టం.
మర్నాడు సైకిలేసుకుని జెట్టీకెళ్లి
ఆవేళ నిలబడ్డచోటే నిలబడ్డాను.
డాల్ఫిన్ నోస్ ఉన్నచోటే ఉంది.
ఆయన ఉన్నచోట ఓ క్రేను,
నల్లగా, మెడ వంచి,
ఎవరి మాటా కాదనని ఇనుము.
కొలిచినట్టు సరిపోయింది.

ఫొటో మళ్లీ మేకుకెక్కింది.
పది రోజులు ఎవరూ ఏమీ అనలేదు.
జీతాలనాడు వాసుపల్లి నూకన్న
వేలిముద్ర సిరా లుంగీకి తుడుచుకుంటూ తలెత్తాడు.
"ఇదేటి బావూ,
ఈ కిరేను నిరుడొచ్చింది కదేటి?"

ఎవరూ నవ్వలేదు.
దానయ్య రిజిస్టరులో
కూడిన అంకెలే మళ్లీ కూడుతూ కూర్చున్నాడు.

అక్కడ ఆయన్నేం చేశారో నాకిప్పటికీ తెలీదు.
నేను చేసింది మాత్రం తెలుసు,
దానికి పదిహేను రూపాయలు తీసుకున్నాను.

దానయ్య కేజీహెచ్‌లో ఆఖరి వారం
ఏం తినాలనుందంటే
అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి,
పాలకోవా అన్నాడు.
పూర్ణా మార్కెట్లో పావుకిలో కట్టించుకొచ్చాను.
నర్సు ఒద్దంది.
పొట్లం విప్పి ఓ ముక్క నేనే తిన్నాను,
అతను చూస్తుండగా.