బరువు పడ్డాక

ఖాళీగా కూర్చున్నప్పుడు
ఏ బ్యాటరీ అయినా నిండుకుండే.
మీటరు పెడితే ఎనిమిది పాయింట్ నాలుగు.
తొణకదు.

ఏబేలు ఒప్పుకోడు.
"మొన్న పాలిష్ ఫ్యాక్టరీ ఎనక యార్డులో
మూడో చుట్టుకే చతికిలబడిందన్నా,
పచ్చకారోడు నా మీద దుమ్ముపోసి పొయ్యాడు."
వాడి కారు నా బల్ల మీద బోర్లా,
చక్రాల సందుల్లో చీమకుర్తి రాతిపొడి.

నాలుగు జీపు హెడ్‌లైట్ బల్బులు
చెక్కకి బిగించి పెట్టుకున్నా. అదే నా త్రాసు.
తగిలిస్తే కొట్టంతా పెళ్ళిపందిరి,
చూడాల్సింది మాత్రం అంకెల్ని.
మొదటి సెల్లు కాస్త వంగి నిలబడింది.
రెండోది జారింది,
నాలుగూ ఇరవై నుంచి మూడూ ఎనభై ఎనిమిదికి.

తీర్పు చెప్పబోయి ఆగాను.
పోయినేడు ఇట్టాగే ఒక మంచి బ్యాటరీని చెత్తలో వేశా,
తప్పు తుప్పుపట్టిన నా క్లిప్పుది.
గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ చూశాను.
నాలుగూ సున్నా ఒకటి!
ఇంత మెరుగా అని చెయ్యి వేస్తే
కిటికీ ఎండకి కాగి ఉంది.
ఎండ తగిలిన బ్యాటరీ
వయసు తగ్గించి చెబుతుంది.
"రేప్పొద్దున రా, బండలింకా చల్లగా ఉన్నప్పుడు."

పొద్దున ఏబేలు వెనకే సైదా మేస్త్రి.
ముప్పై ఏళ్ళు క్వారీలో
బండల్ని సుత్తితో తట్టి విన్నవాడు.
గెలాక్సీ రాయి పైకి చుక్కలు చుక్కలుగా నవ్వుతుంది,
లోపలి బీట కంటికి దొరకదు.
"టంగుమంటే లారీకి, దబ్బుమంటే గుట్టకి" అనేవాడు.
నా కొట్టుకి మెట్లు మూడే.
రెండో మెట్టు మీద షట్టరు పట్టుకొని
కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బల్బులు వెలిగాయి.
మూడూ తొంభై మూడు.
"దబ్బుమందా?"
"సగం."
"నాకూ తగిలించరాదా, నాలుగు బల్బులు"
నవ్వబోయి దగ్గాడు,
చాలాసేపు.
ఏబేలు చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

బ్యాటరీ మీద మార్కరుతో రాశాను,
తేదీ, పొద్దున ఆరున్నర, రెండు అంకెలు.
వచ్చే నెల ఇదే వేళకి ఇంకో రెండు రాయాలి.
పందేలకి వద్దు,
మెల్లగా తోలుకుంటే ఈ ఏడుకి ఢోకా లేదన్నాను
ఎవరి మొహమూ చూడకుండా.

మేస్త్రికి స్టూలు జరిపాను.
బయట ఏబేలు కారు దించాడు.
కోయని బండల మధ్య
సన్నగా ఈల వేసుకుంటూ పోతోంది మోటారు.
మేస్త్రి కళ్ళు మూసుకొని
చెవి అటే పెట్టాడు.